సమాధానం: గల్లాపెట్టెలో నక్క కొమ్ము

విజయవాడ వన్‌టౌన్‌లోని మీ బట్టల కొట్టుకు ఒకాయన వచ్చి, సింధూరం భరిణెలో నక్క కొమ్ము చూపించి, గల్లాపెట్టెలో పెడితే కలిసొస్తుందని 5,000 అడుగుతున్నాడని రాశారు. దయచేసి కొనకండి.

నక్కకు కొమ్ములుండవు. పుర్రె వెనక భాగంలో ఎముక గట్టులా లేచి ఉంటుంది. అరుదుగా అక్కడ బుడిపె కడితే దాన్నే కొమ్మనుకున్నారు. అది గుంపు నాయకుడికే మొలుస్తుందని, దగ్గరుంటే కోరికలు తీరతాయని సిలోన్‌లో (ఇప్పటి శ్రీలంక) నమ్ముతారని టెన్నెంట్ అనే బ్రిటిష్ అధికారి 1861లోనే రాశాడు.

ఇప్పుడు అమ్మేవి ఎక్కువగా వెంట్రుకలున్న తోలు ముక్కను ఎముక చుట్టూ బిగించి అతికించినవే. సింధూరం అద్దేది అతుకు కనపడకుండా. వెంట్రుకలు పెరుగుతున్నాయి, దానికి ప్రాణముంది అంటారు చూడండి, తోలు ఎండి ముడుచుకుంటే వెంట్రుకలు పొడుగైనట్టు కనిపిస్తాయి, అంతే!

అసలు నక్క తోలే అయితే మరీ ప్రమాదం. 1972 వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణతో నక్క మొదటి షెడ్యూల్‌లోకి, అంటే అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితాలోకి వచ్చింది. నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు. కొన్నవాళ్లకూ ఇబ్బందే. ఇప్పటికే తీసుకుని ఉంటే ఇంకొకరికి ఇవ్వకండి, ఫోటోలు పెట్టకండి. అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు ముందు ఫోన్ చేసి, అప్పగించి, రాతపూర్వకంగా రసీదు తీసుకోండి.