ఆ బుస్సీ, ఈ బుస్సీ ఒకరేనా?

ప్రశ్న: అలెగ్జాండర్ డ్యూమా నవల ఒకటి ఇంగ్లీషులో చదువుతుండగా అందులో బుస్సీ అనే కత్తియుద్ధ వీరుడు ఎదురయ్యాడు. చిన్నప్పుడు మా తాతగారు చెప్పిన బొబ్బిలి కథలోని బుస్సీ దొర ఈయనేనా, లేక ఈయన వంశంవాడా? పుదుచ్చేరిలో బుస్సీ వీధి కూడా చూశాను.
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: ఆయన కాడు, ఆయన వంశంవాడూ కాడు. 1846లో వెలువడిన ఆ నవలకు మూలమైన లూయీ ద క్లెర్మోఁ, అంటే బుస్సీ దాంబ్వాజ్, 1579లోనే హత్యకు గురయ్యాడు. బొబ్బిలి కోట మీదికి విజయనగరం విజయరామరాజుతో కలిసి దండెత్తిన ఫ్రెంచి సేనాని బుస్సీ 1757 నాటివాడు. ఆయన అసలు ఇంటిపేరు పాతిస్సియే. ఫ్రెంచిలో ఆ మాటకు కేకులు, తీపి రొట్టెలు చేసేవాడని అర్థం. దొరతనానికి ఏ పేరు నప్పుతుందో వేరే చెప్పనక్కరలేదు. హైదరాబాదు నిజాం సలాబత్ జంగు 1753లో ఫ్రెంచివారికి ఇచ్చిన నాలుగు సర్కారులలో శ్రీకాకుళం సర్కారు ఒకటి; గంజాం సీమ అందులోనిదే కనుక, కాగితం మీదనైనా మీ ప్రాంతం కొంతకాలం ఆయన ఏలుబడిలో ఉన్నట్టే.

ఈ గందరగోళానికి కారణం, మన ఇంటిపేర్లలో చాలావాటిలాగే, బుస్సీ కూడా ఊరిపేరు కావడం. బరంపురంలోనే ఒకే ఊరి పేరు ఇంటిపేరుగా గలవారు వేర్వేరు గోత్రాలలో కనిపిస్తారు. ఇంటిపేరు కలిసినంత మాత్రాన వారిని దాయాదులని మనం అనుకోము. ఫ్రాన్సులో బుస్సీ అనే ఊళ్లు అనేకం ఉన్నాయి. పారిస్‌కు తూర్పున ఉన్న బుస్సీ సేఁ జార్జ్ వాటిలో ఒకటి. పేరుకు ముందు వచ్చే 'ద' అనే మాట ఫలానా చోటివాడని మాత్రమే చెబుతుంది.

వీరందరిలో నాకు ఇష్టుడు రోజే ద రాబ్యుతేఁ, అంటే బుస్సీ రాబ్యుతేఁ. రాజాస్థానపు ప్రేమ వ్యవహారాలను ఎగతాళి చేస్తూ పుస్తకం రాసినందుకు 1665లో బాస్తీయ్ చెరసాల పాలై, ఆ తరువాత బుర్గుండీలోని తన కోటకు వెళ్లగొట్టబడిన ఆయన, అక్కడి గోడల నిండా ఆస్థాన స్త్రీల చిత్తరువులు పెట్టించి, వాటి కింద కొంటె వ్యాఖ్యలు రాయించి, ఆ విధంగా కసి తీర్చుకున్నాడు. ఆ గదులు నేటికీ ఉన్నాయి. 1828లో బెరీలియం లోహాన్ని వేరుచేసిన ఇద్దరిలో ఒకరైన ఆంత్వాన్ బుస్సీ రసాయనశాస్త్రవేత్త. ఆయనకు ఏ కోటా లేదు.

మీరు చూసిన వీధి మాత్రం నిజంగానే బొబ్బిలి బుస్సీ పేరిటిది. ఆయన 1785లో పుదుచ్చేరిలోనే మరణించాడు. ఆ వీధికి ఇప్పుడు లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టినా జనం పాత పేరు వదలలేదు. ఇక తమిళ రాజకీయ వార్తలలో వినవచ్చే బుస్సీ ఆనంద్‌కు ఆ పేరు ఫ్రాన్సు నుంచి రాలేదు. పుదుచ్చేరిలో బుస్సీ అనే శాసనసభా నియోజకవర్గానికి ఆయన ఒకప్పుడు ఎమ్మెల్యే.