నాలోక్సోన్ శిక్షణకి డబ్బు కావాలంటే ముందు కౌంటీనే అడగండి

అమెరికాలో చిన్న ఊరి వాలంటీర్ ఫైర్ డిపార్ట్‌మెంటులో 20 మందికి, ఓపియాయిడ్ (నల్లమందు తరహా మందు) ఓవర్‌డోస్ అయినవాళ్ళని నాలోక్సోన్ అనే విరుగుడు ముక్కు స్ప్రేతో కాపాడే శిక్షణ ఇప్పించాలి, గ్రాంటు ఎక్కడ దొరుకుతుంది అని అడిగారు.

అందరూ ముందు చూసేది శామ్సా (వ్యసనాలు, మానసిక ఆరోగ్యం చూసే ఫెడరల్ సంస్థ) ఇచ్చే గ్రాంటు. ఓపియాయిడ్ వ్యసనంపై తెచ్చిన 2016 కారా చట్టంతో వచ్చింది, ముఖ్యంగా ఫస్ట్ రెస్పాండర్ల (ముందుగా సాయానికి చేరే ఫైర్, పోలీసు, అంబులెన్సు సిబ్బంది) కోసం పెట్టారు. కానీ ఫెడరల్ గ్రాంటుకి కావాల్సిన శామ్ డాట్ గవ్ రిజిస్ట్రేషన్, యూఈఐ అనే సంస్థ గుర్తింపు నంబరు, గ్రాంట్స్ డాట్ గవ్, ఈఆర్ఏ కామన్స్ ఖాతాలు, ఇవన్నీ కుదిరేసరికే వారాలు పడుతుంది. డబ్బు వచ్చాక రిపోర్టుల పని వేరే. జీతానికి పనిచేసే మనిషి ఒక్కరూ లేనిచోట అది మోయలేని బరువు. కౌంటీ ఆరోగ్య శాఖ అప్లై చేస్తుంటే భాగస్వామిగా చేరండి, అంతే.

మీకు దగ్గరి దారి సెటిల్‌మెంట్ డబ్బు. ఓపియాయిడ్ల మీద రాష్ట్రాలు, కౌంటీలు వేసిన దావాల్లో మందుల పంపిణీ కంపెనీలు మెకెసన్, కార్డినల్ హెల్త్, అమెరిసోర్స్‌బర్గెన్ కలిసి 18 ఏళ్ళలో 2,100 కోట్ల డాలర్ల దాకా, తయారీ కంపెనీ జాన్సన్ అండ్ జాన్సన్ 500 కోట్ల దాకా కట్టడానికి ఒప్పుకున్నాయి. అందులో వాటా కౌంటీలకీ వస్తుంది. ఆ ఒప్పందంలో డబ్బు దేనికి వాడొచ్చో చెప్పే అనుబంధం, ఎగ్జిబిట్ ఈ తెరిస్తే, ముఖ్యమైన ఖర్చుల జాబితాలో మొట్టమొదటి అంశమే నాలోక్సోన్. ఫస్ట్ రెస్పాండర్ల శిక్షణ అని అందులో స్పష్టంగా ఉంది. ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు మీ దరఖాస్తు మొదటి పేజీలో పెట్టి, కౌంటీ బడ్జెట్ ఖరారు కాకముందే ఇవ్వండి.

మందు కోసం మాత్రం పెద్ద మొత్తం అడగొద్దు. చాలా రాష్ట్రాలు ఉచితంగానే ఇస్తున్నాయి; కాలిఫోర్నియాలో ఈ పథకం 2018 నుంచీ ఉంది. అడగాల్సింది ట్రైనర్ ఫీజు, మందు లేని ప్రాక్టీసు స్ప్రేలు, మానికిన్లు (ప్రాక్టీసు బొమ్మలు), మనిషికో పాకెట్ మాస్కు (నోటితో ఊపిరి ఊదడానికి), బండికో బ్యాగ్ వాల్వ్ మాస్కు (చేత్తో సంచి నొక్కి ఊపిరి అందించడానికి), రెండో ఏడాది రిఫ్రెషర్. మాస్కుల పద్దు కోసేస్తామంటే ఒప్పుకోకండి. మనిషి చనిపోయేది ఊపిరి ఆగి. మందు పనిచేసేదాకా ఆ ఊపిరి మీరే అందించాలి. 8 మిల్లీగ్రాముల స్ప్రే కొనమని ఎవరైనా చెబితే న్యూయార్క్ స్టేట్ పోలీసుల లెక్కలు చూపించండి. 2024లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ప్రచురించింది: 4 మిల్లీగ్రాములతో పోలిస్తే బతికినవాళ్ళు పెరగలేదు, వాంతులు, విత్‌డ్రాయల్ (మత్తు ఒక్కసారిగా దిగితే వచ్చే బాధలు) మాత్రం పెరిగాయి.

శిక్షణలో తప్పులు జరిగేది చేతుల దగ్గరే. కంగారులో పనిచేస్తుందో లేదో చూద్దామని గాల్లోకి నొక్కేస్తారు. అందులో ఉండేది ఒకటే డోసు, అది పోయినట్టే. తల వెనక్కి వంచి, ముక్కు కింది భాగానికి మీ వేళ్ళు ఆనేదాకా నాజిల్ లోపలికి పెట్టి, బొటనవేలితో ఒక్కసారి గట్టిగా నొక్కాలి. తర్వాత 5 సెకన్లకో శ్వాస. 2-3 నిమిషాల్లో ఊపిరి రాకపోతే రెండో స్ప్రే, ఇంకో ముక్కురంధ్రంలో. జైలజీన్ (పశువులకిచ్చే మత్తుమందు) కలిసిన సరుకైతే ఊపిరి వచ్చినా మనిషి లేవకపోవచ్చు. లేవలేదని స్ప్రే మీద స్ప్రే కొట్టొద్దు. లేచినవాళ్ళని వదిలేసి వెళ్ళకండి. నాలోక్సోన్ ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే, ఆ తర్వాత ఊపిరి మళ్ళీ ఆగొచ్చు.

ఫెంటానిల్ (చాలా బలమైన ఓపియాయిడ్) ముట్టుకుంటేనే పడిపోతామన్న భయంతో కొందరు దగ్గరికే రారు. అలా జరిగే అవకాశం బహు తక్కువని టాక్సికాలజీ నిపుణుల సంఘం 2017లోనే చెప్పింది. నైట్రిల్ గ్లవ్స్ చాలు. దీనికి పది నిమిషాలైనా కేటాయించమని ట్రైనర్‌కి ముందే చెప్పండి.

కిట్లు 25 డిగ్రీల లోపు ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు, అంటే చలికాలంలో బండి డిక్కీలో వదలొద్దు. నార్కాన్ (నాలోక్సోన్ స్ప్రే బ్రాండు) గడువుని 2024 జనవరిలో 4 ఏళ్ళకి పెంచారు గానీ అది కొత్తగా తయారైన వాటికే. మీ దగ్గరున్న పెట్టె మీద ఏ తేదీ ఉంటే అదే లెక్క, ఆ తేదీలు చూసుకుని మార్పిడి ఖర్చు కూడా దరఖాస్తులో వేయండి.