అరిచే మనసుకు మీ వయసెంతో తెలుసా?

ప్రశ్న: నా వయసు 38. మా బాబు ఆరో తరగతి. లెక్కల పరీక్షలో 25కి 14 వచ్చాయని పేపర్ చూపించగానే నోటికొచ్చినట్టు తిట్టేశాను. వాడు పడుకున్నాక ఏడుపు, ఆ తర్వాత ఒంటిగంట దాకా ఫోన్లో రీల్స్. నెలకి నాలుగైదుసార్లు ఇదే తంతు. ‘పార్ట్స్ వర్క్’ చేస్తే తగ్గుతుందంటున్నారు. ఇంట్లో చేసుకోవచ్చా?
– ఓ తల్లి, తెనాలి

జవాబు: చేసుకోవచ్చు, ఒక హద్దు వరకు. ‘ఒక మనసు వెళ్లమంటోంది, ఒక మనసు వద్దంటోంది’ అని రోజూ అంటుంటాం కదా, ఆ మాటని అక్షరాలా తీసుకునే పద్ధతి ఇది. దీని పేరు ఇంటర్నల్ ఫ్యామిలీ సిస్టమ్స్, పొట్టిగా ఐఎఫ్ఎస్. రిచర్డ్ ష్వార్ట్జ్ అనే అమెరికన్ ఫ్యామిలీ థెరపిస్టు 1980ల్లో రూపమిచ్చారు. ఇంట్లోవాళ్ల గొడవల్ని చూసే కళ్లతోనే ఆయన మనిషి లోపలి గొడవనీ చూశారు.

ఈ పద్ధతిలో లోపలి ఒక్కో మనసునీ ‘పార్ట్’ అంటారు. మీలో అరిచేది ‘మేనేజర్’ అనే పార్ట్. పిల్లాడు వెనకబడకముందే, పరువు పోకముందే అన్నీ అదుపులో పెట్టాలని దాని తాపత్రయం. రీల్స్ చూసేది ఫైర్‌ఫైటర్. రేగిన బాధని ఎలాగైనా ఆర్పడమే దాని పని, పొద్దున్నే లేచి క్యారేజీ కట్టాలన్న సంగతి దానికి పట్టదు. రెండూ కాపలాదారులే. వీటి వెనక, ఎప్పుడో దెబ్బతిని మూలకి నెట్టేయబడ్డ పసిమనసు ఉంటుంది. దాన్ని ఎగ్జైల్ అంటారు. దాని జోలికి ఒంటరిగా వెళ్లొద్దు, ఇంట్లో మీరు మాట్లాడాల్సింది కాపలాదారులతోనే.

వారానికి రెండుసార్లు, ఇరవై నిమిషాలు, ఒక నోటుబుక్కు చాలు. గొడవైన రాత్రే కూర్చోకండి, మర్నాడు కూర్చోండి. పదికి ఎనిమిది, తొమ్మిది తీవ్రత ఉన్న సంఘటన మొదట్లోనే వద్దు. వాటర్ బాటిల్ బడిలో మర్చిపోయాడని విసుక్కున్నారే, అలా మూడో నాలుగో ఉన్నది తీసుకోండి. ఆ క్షణాన్ని తలుచుకుంటే ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది? దవడ బిగుస్తోందా, గొంతు పట్టేస్తోందా? ధ్యాస అక్కడే పెట్టి ఆగితే ఒక రూపమో, మాటో రావచ్చు. ఒట్టి బిగుతే ఉన్నా ఫర్వాలేదు, దానితోనే మాట్లాడొచ్చు.

ఇప్పుడు అసలు పరీక్ష. దాన్ని చూస్తే మీకేమనిపిస్తోంది? ‘ఛీ, అంతా దీనివల్లే’ అనిపిస్తే ఆ మాట మీది కాదు, అది ఇంకో మనసుది. ‘కాసేపు పక్కన కూర్చో, నీ మాటా వింటాను’ అని అడగండి. జరగనంటే ఆ రోజుకి దాని గోడే వినండి. ‘పాపం, ఇదెందుకిలా చేస్తోంది’ అన్న కుతూహలం కాస్తయినా పుట్టాకే మొదటిదాని దగ్గరికి రావాలి. అలా నెమ్మదిగా, దయగా చూడగలిగే మీ స్థితినే సెల్ఫ్ అంటారు. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. పైకి తియ్యగా పలకరిస్తూ లోపల ‘ఎప్పుడు పోతావే’ అనుకుంటారు. గిన్నెల చప్పుడు వినే ఇంట్లోవాళ్లు మన మూడ్ పట్టేస్తారు కదా, లోపలివాళ్లూ అంతే.

తర్వాత ఒక్కొక్కటే అడగండి: నా కోసం నువ్వేం చేస్తున్నావు? ఎప్పటినుంచి? మానేస్తే ఏమవుతుందని భయం? నాకిప్పుడు ఎన్నేళ్లనుకుంటున్నావు? ప్రతి ప్రశ్నకీ ఆగండి. టక్కున, పుస్తకాల భాషలో వచ్చిన జవాబు సాధారణంగా బుర్ర అల్లింది. లోపలినుంచి వచ్చేది ఆలస్యంగా, పొట్టిగా వస్తుంది: ‘అరవకపోతే వాణ్ని క్లాసులో నిలబెడతారు.’ వయసు అడిగితే ‘తొమ్మిది’ అనో ‘పదకొండు’ అనో వినబడటం మామూలే. మీకు 38 వచ్చాయనీ, మీకొక ఇల్లుందనీ, మిమ్మల్నిప్పుడు ఎవరూ నిలబెట్టరనీ దానికి కబురు అందలేదు. చెప్పండి, ఇప్పటి మీ చేతుల్ని చూపించండి. దవడ సడలిందో లేదో గమనించండి. విన్నది రెండు వాక్యాల్లో రాసుకుని, వారంపాటు పొద్దున్నే రెండు నిమిషాలు దాన్ని పలకరించండి. పలకరింపు మానేస్తే అది మళ్లీ పాత డ్యూటీ ఎక్కుతుంది.

ఒక్క జాగ్రత్త. ‘నేను కాదు, నా పార్ట్ అరిచింది’ అనడం తప్పించుకోవడమే. బాబుకి క్షమాపణ మీరే చెప్పాలి.

ప్రశ్న: ఒక వీడియో పెట్టుకుని ‘చిన్నప్పటి నన్ను’ కౌగిలించుకున్నాను. బాగా ఏడ్చి తేలికపడ్డాను. మర్నాటినుంచి తలనొప్పి, నిద్ర లేదు, మానేసిన సిగరెట్ మళ్లీ మొదలైంది. ఏం తప్పు చేశాను?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: కాపలావాణ్ని అడక్కుండా తలుపు తీశారు. ఇలాంటప్పుడు ఐఎఫ్ఎస్ చేసేవాళ్లు మొదట చూసేది అదే. ఏళ్ల తరబడి ఆ బాధని కప్పిపెట్టిన మనసులు ఒక్క గంటలో ఓడిపోయామనుకుని తిరగబడతాయి. సిగరెట్ ఆ తిరుగుబాటే కావచ్చు. మొదటి రోజే పసిమనసు దగ్గరికి తీసుకెళ్లే వీడియోలు మాకు నచ్చకపోవడానికి కారణం ఇదే.

రెండు వారాలు లోపలి పని ఆపండి. పాత బాధ పొంగినప్పుడు పాదాలు నేలకి ఆనించి, ఎదురుగా కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి. ‘ఒకేసారి మీద పడకు, కాస్త ఎడంగా కూర్చుని చెప్పు’ అని ఆ బాధని అడగవచ్చు. వింతగా ఉంటుంది కానీ చాలాసార్లు ఉధృతి తగ్గుతుంది. తర్వాత మొదలుపెట్టాల్సింది సిగరెట్ వెలిగించే మనసుతో: ‘నిన్ను అడక్కుండా వెళ్లాను, తప్పే. నీకేం భయం?’ పసిమనసు సంగతి మాత్రం శిక్షణ పొందిన థెరపిస్టు దగ్గరే. తలనొప్పి, నిద్రలేమి వారం దాటినా తగ్గకపోతే డాక్టర్‌ని కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఆగకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

ప్రశ్న: డిప్రెషన్‌కి మందులు వాడుతున్నాను. ఇది చేయొచ్చా? ‘నీలో పదిమంది ఉన్నారా’ అని ఇంట్లో ఎగతాళి.
– వరంగల్ పాఠకుడు

జవాబు: పదిమంది అందరిలోనూ ఉంటారు, అది జబ్బు కాదు. చెవికి బయటినుంచి గొంతులు వినబడుతున్నా, గంటల తరబడి ఏం చేశారో గుర్తులేకపోయినా వేరే సంగతి, ముందు మీ సైకియాట్రిస్టుకి చెప్పాలి. మందులు సొంతంగా ఆపొద్దు. ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే సీబీటీ అనే చికిత్సకి ఉన్నన్ని ఆధారాలు ఈ పద్ధతికి లేవు. కీళ్లవాతం ఉన్న 79 మందిపై చేసిన చిన్న అధ్యయనం 2013లో వచ్చింది. అందులో నొప్పి, దిగులు కొంత తగ్గాయి.

క్లినికల్ సైకాలజిస్టుని వెతికేటప్పుడు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా, ఐఎఫ్ఎస్‌లో శిక్షణ ఎక్కడ తీసుకున్నారు అని అడగండి. మొదటి సెషన్‌లోనే బాల్యంలోకి తీసుకెళ్తామంటే ఇంకొకరిని చూసుకోండి.