ఆర్కేడ్ క్యాబినెట్‌లో 16 ఆర్‌జీబీ బటన్లు: అన్నీ ఒకేసారి తెల్లగా వెలిగిస్తే గులాబీ రంగు ఎందుకొస్తోంది?

మీ ప్రశ్న సారాంశం ఇదీ. ఇద్దరు ఆడే క్యాబినెట్. బటన్లు ఆర్‌జీబీవి, అంటే ఒక్కోదానిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్‌ఈడీలుంటాయి. ఒక్కొక్కరికి 6 యాక్షన్ బటన్లు, ఒక స్టార్ట్, ఒక కాయిన్ బటన్. 64 ఛానెళ్ల ఎల్‌ఈడీ కంట్రోలర్‌కి కరెంటంతా పీసీ యూఎస్‌బీ నుంచే వస్తోంది. ఒక్కో బటన్ విడిగా వెలిగిస్తే రంగు సరిగ్గా ఉంది. అన్నీ తెలుపులో పెడితే చివరి బటన్లు గులాబీ రంగుకి తిరుగుతున్నాయి, కాసేపటికి కంట్రోలర్ డిస్‌కనెక్ట్ అవుతోంది.

బోర్డు మార్చకండి. ఇలాంటప్పుడు తప్పు దాదాపు ఎప్పుడూ సప్లైలోనో, కామన్ వైరులోనో (బటన్లన్నిటికీ కలిపి 5 వోల్టులు ఇచ్చే వైరు) ఉంటుంది.

ముందు లెక్క చూడండి. 16 బటన్లు, బటన్‌కి 3 రంగులు, మొత్తం 48 ఛానెళ్లు. ఒక్కో ఎల్‌ఈడీకి 20 మిల్లీయాంపియర్లు వేసుకుంటే 960 మిల్లీయాంపియర్లు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మాత్రమే, 3.0 పోర్టయినా 900. తెలుపు అంటే మూడు రంగులూ ఫుల్లుగా వెలగడమే కాబట్టి మీ సెటప్‌లో అన్నిటికంటే ఎక్కువ కరెంటు లాగేది అదే.

గులాబీ రంగు ఎందుకంటే, ఎరుపు ఎల్‌ఈడీకి సుమారు 2 వోల్టులు చాలు, నీలం, ఆకుపచ్చలకి 3 నుంచి 3.2 దాకా కావాలి. సప్లై 5 వోల్టులున్నప్పుడు, కరెంటుని నడిపేందుకు నీలానికి మిగిలేది 1.8, ఎరుపుకి 3. లోడు పడి సప్లై 4.2కి జారితే నీలానికి 1 వోల్టే మిగులుతుంది, అంటే దాదాపు సగం పోయినట్టు. ఎరుపుకి ఇంకా 2.2 ఉంటుంది. అందుకే ముందు నీలం, ఆకుపచ్చ మసకబారతాయి, ఎరుపు పైకి తేలుతుంది. తెలుపు ఎర్రబారిందంటే వోల్టేజి చాలడం లేదని బటనే చెబుతున్నట్టు.

సప్లై ఎక్కడి నుంచి తీసుకోవాలి? క్యాబినెట్‌లో డెస్క్‌టాప్ పీసీ ఉంటే దాని పవర్ సప్లై మోలెక్స్ కనెక్టర్‌కే (నాలుగు వైర్ల ప్లగ్గు) నా ఓటు. ఎరుపు వైరు 5 వోల్టులు, నలుపు గ్రౌండ్, పసుపు 12 వోల్టులు. పసుపు వైరు పొరపాటున కామన్‌కి వెళ్తే ఎల్‌ఈడీలు క్షణంలో పోతాయి, కాబట్టి కలిపే ముందు మల్టీమీటర్‌తో కొలవండి. విడి అడాప్టర్ వాడితే ఇంకో చిక్కుంది. పీసీ ఆపాక కూడా అడాప్టర్ ఆన్‌లో ఉంటే, కరెంటు లేని కంట్రోలర్ పిన్నుల గుండా దొంగదారిలో కొంత ప్రవహించి బటన్లు మసగ్గా వెలుగుతూనే ఉంటాయి.

5 వోల్టుల లైనులో, సప్లైకి దగ్గరగా, 2 యాంపియర్ల ఫ్యూజు తప్పకుండా పెట్టండి. పీసీ సప్లై 5 వోల్టుల లైను పదుల యాంపియర్లు ఇవ్వగలదు. ప్యానెల్ కింద ఎక్కడైనా షార్టయితే సప్లై ఆగకపోవచ్చు, సన్న వైరు మాత్రం కాలుతుంది. చెక్క పెట్టె లోపల అది చిన్న విషయం కాదు.

ఇక వైరింగ్. ఈ కంట్రోలర్లలో ఎక్కువ భాగం గ్రౌండ్ వైపు స్విచ్చులు. బటన్ కామన్‌కి ఎప్పుడూ 5 వోల్టులు ఉంటాయి, ఏ రంగు కావాలో ఆ కాలుని కంట్రోలర్ గ్రౌండ్‌కి లాగుతుంది. అందుకే బటన్లు కామన్ యానోడ్ రకమే (మూడు రంగులకీ ప్లస్ కాలు ఒకటే ఉండేవి) అయుండాలి. కొత్త బటన్‌ని ప్యానెల్‌కి బిగించే ముందు మల్టీమీటర్‌ని డయోడ్ మోడ్‌లో పెట్టి, ఎరుపు ప్రోబ్ కామన్ మీద, నలుపు ప్రోబ్ రంగు కాళ్ల మీద ఒక్కోటిగా ఆనించండి. ఎరుపు కాలు దగ్గర 1.8 చుట్టుపక్కల చూపించి సన్నగా వెలిగితే కామన్ యానోడే. కొన్ని మీటర్లలో నీలానికి సరిపడా వోల్టేజి ఉండదు, అది వెలగనంత మాత్రాన బటన్ పోయినట్టు కాదు.

రంగు కాళ్ల వైర్లు సన్నవైనా ఫర్వాలేదు, 24 గేజి చాలు, ఒక్కోదానిలో 20 మిల్లీయాంపియర్లే కదా. కామన్ వైరు మాత్రం 18 గేజి వేయండి (గేజి నంబరు తగ్గేకొద్దీ వైరు లావు). మీరు 16 కామన్‌లనీ 24 గేజి వైరుతో ఒకదాని నుంచి ఒకదానికి గొలుసుగా లాగి, ఒక చివర మాత్రమే సప్లై ఇచ్చారు. ఆ గొలుసు మొదటి ముక్కలో యాంపియర్ కరెంటంతా పోతుంది. గొలుసు రెండో చివరను కూడా సప్లైకి తెచ్చి రింగులా మూసేయండి. ఆఖరి బటన్లలో తేడా వెంటనే కనిపిస్తుంది. నిజానికి అందరూ వదిలేసేది గ్రౌండ్ వైరుని. 5 వోల్టులు మోలెక్స్ నుంచి తెచ్చి, గ్రౌండ్ పీసీదే కదా అని వదిలేస్తే, ఎల్‌ఈడీల కరెంటంతా యూఎస్‌బీ కేబుల్లోని సన్న గ్రౌండ్ తీగ గుండా తిరిగి వెళ్తుంది. కంట్రోలర్ గ్రౌండ్ పైకి లేచి, యూఎస్‌బీ సిగ్నల్ చెడి, డిస్‌కనెక్ట్ అవుతుంది. కంట్రోలర్ గ్రౌండ్ టెర్మినల్ నుంచి మోలెక్స్ నలుపు వైరుకి నేరుగా 18 గేజి వైరు వేయండి. బోర్డు మీద యూఎస్‌బీ 5 వోల్టుల్ని ఎల్‌ఈడీ సప్లైతో కలిపే జంపర్ ఉంటే తీసేయండి, రెండు 5 వోల్టుల మూలాలు కలవకూడదు.

బటన్ కింద రెండు కామన్‌లుంటాయి, ఒకటి ఎల్‌ఈడీది, ఇంకొకటి మైక్రోస్విచ్‌ది. మొదటిది 5 వోల్టులు, రెండోది గ్రౌండ్. చాలా బటన్లలో రెండింటి ట్యాబ్‌లూ 2.8 ఎంఎం సైజే, చీకట్లో చేతికి ఒకేలా తగులుతాయి. తారుమారైతే బటన్ నొక్కినప్పుడల్లా 5 వోల్టులు స్విచ్ లైనులోకి వెళ్తాయి. ఎల్‌ఈడీ కామన్‌కి ఎరుపు వైరు, స్విచ్ గ్రౌండ్‌కి నలుపు వైరు పెట్టుకుని, స్విచ్‌లన్నీ అయ్యాకే ఎల్‌ఈడీల పని మొదలుపెట్టండి.

రెసిస్టర్ల విషయానికొస్తే, పాక్‌ఎల్‌ఈడీ64 లాంటి స్థిర కరెంటు బోర్డులకి (ఎల్‌ఈడీ కరెంటుని తామే ఒకే స్థాయిలో ఉంచే కంట్రోలర్లకి) అవి అక్కర్లేదు. ఎల్‌ఈడీ-విజ్ లాంటి కంట్రోలర్లకి కావాలి: 5 వోల్టుల మీద ఎరుపుకి 150 ఓమ్‌లు, ఆకుపచ్చ, నీలాలకి 100. (ఎల్‌ఈడీ-విజ్‌లో ఛానెళ్లు 32 మాత్రమే, ఆర్‌జీబీ బటన్లయితే 10కి మించి పట్టవు.) పని తగ్గుతుందని మూడు రంగులకీ కలిపి కామన్ కాలులో ఒకే రెసిస్టర్ పెట్టకండి. మూడూ వెలిగితే తక్కువ వోల్టేజి చాలే ఎరుపే కరెంటంతా లాగేసుకుంటుంది, తెలుపు అసలు రాదు. సొంతంగా యూఎల్‌ఎన్2803 చిప్‌తో (రంగు కాళ్లని గ్రౌండ్‌కి లాగే చిప్) కంట్రోలర్ కట్టేవాళ్లకీ ఇలాంటి దెబ్బే. ఆ చిప్పే 0.8 నుంచి 1 వోల్టు దాకా తినేస్తుంది కాబట్టి నీలానికి 100 ఓమ్‌లు పెడితే 20కి బదులు 9 మిల్లీయాంపియర్ల దగ్గరే ఆగుతుంది.

ఛానెళ్లని ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరసలో, మొదటి ఆటగాడి మొదటి బటన్ నుంచి ఎక్కించి, ప్రతి వైరుకీ రెండు చివర్లా నంబరు అంటించండి. ఎల్‌ఈడీబ్లింకీలో (బటన్ల లైట్లని నడిపే పీసీ సాఫ్ట్‌వేర్) పోర్టులు కేటాయించేటప్పుడు ఆ నంబర్లే పనికొస్తాయి.

అంతా అయ్యాక అన్నిటినీ తెలుపులో 10 నిమిషాలు వదిలేసి, సప్లైకి అన్నిటికంటే దూరంగా ఉన్న బటన్ కామన్‌కీ కంట్రోలర్ గ్రౌండ్‌కీ మధ్య కొలవండి. 4.8 వోల్టుల కంటే తగ్గకూడదు. తగ్గితే వైరుని వేళ్లతో తడుముతూ వెళ్లండి, వెచ్చగా తగిలిన టెర్మినల్ దగ్గర క్రింపు (టెర్మినల్‌ని వైరు మీద నొక్కి బిగించిన చోటు) సరిగ్గా పడలేదు, లేదా ఇన్సులేషన్ మీద పడింది. ఒక్క బటనే మిణుకుమంటుంటే కూడా ముందు చూడాల్సింది క్రింపే. ఫోన్ కెమెరాలో మాత్రమే మిణుకుమంటే అది లోపం కాదు, వెలుగు తగ్గించడానికి కంట్రోలర్ వేగంగా ఆన్-ఆఫ్ చేస్తున్న తీరు కెమెరాకి దొరుకుతోంది.

స్పీకర్లో సన్నగా కీచుమంటుంటే ఎల్‌ఈడీ వైర్లని ఆడియో కేబుల్‌కి దూరంగా జరపండి, ఆంప్లిఫయర్ గ్రౌండ్‌ని ఎల్‌ఈడీ గొలుసు మధ్యలో కాకుండా సప్లై దగ్గరే కలపండి. పీసీ ఆపాక కంట్రోలర్‌కి కరెంటు ఆగకపోతే బయోస్‌లో ఈఆర్‌పీ సెట్టింగ్ ఆన్ చేయండి, స్టాండ్‌బైలో యూఎస్‌బీ పోర్టులకి కరెంటు ఆగుతుంది.