శ్రీశైలం దాకా సైకిల్ మీద, ఒక్కరే

ప్రశ్న: నా వయసు 38. ఈమధ్యే 200 కిలోమీటర్ల బ్రెవే అనే దూరపు సైకిల్ రైడ్ గడువులోపు, అంటే 13 గంటల 30 నిమిషాల్లోపు, పూర్తిచేశాను. ఇప్పుడు లగేజీతో ఒంటరిగా శ్రీశైలం మీదుగా తిరుపతి వెళ్దామని ఉంది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం 215 కిలోమీటర్ల చిల్లరే కదా, మొదటి రోజే చేరుకోవచ్చా?
- ఒక పాఠకుడు, వనస్థలిపురం

జవాబు: చేరుకోవచ్చేమో గానీ, వద్దండీ. బ్రెవే అయ్యాక మర్నాడు మీరేం చేశారు? మధ్యాహ్నం దాకా పడుకుని ఉంటారు. టూర్‌లో ఆ సుఖం లేదు, పొద్దున్నే మళ్లీ అదే సీటు ఎక్కాలి. పైగా వెనక పది కిలోల బ్యాగు.

ఇంకో సంగతి. మన్ననూరు, దోమలపెంట చెక్‌పోస్టుల్లో గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. ఆ రెండింటి మధ్య ఉన్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. నీరసపడి, చీకటిపడే వేళకు అడవి మధ్యలో తేలడం ఎవరికీ మంచిది కాదు. అందుకని మొదటి రోజు ఆమనగల్లు, వెల్దండ, డిండి మీదుగా వెళ్లి అచ్చంపేటలో ఆగండి. ఎండ ముదిరేలోపే సగం పైన అయిపోయేలా తెల్లవారుజామునే బయల్దేరండి. మధ్యాహ్నం పెరుగన్నం తిని ఏ చెట్టు కిందో కునుకు తీస్తే తప్పేం లేదు, మిమ్మల్ని తరిమేవాళ్లెవరూ లేరు.

అసలు రోజు రెండోది. హాజీపూర్ దాటాక మన్ననూరుకు ఎక్కుడు మొదలవుతుంది. నేనైతే గేటు తీసే వేళకు అక్కడుంటాను. ఆ చల్లదనంలో, బస్సుల రద్దీ పెరగకముందు, వటవర్లపల్లి దాకా తొక్కడంలో ఉన్న హాయి ఈ ప్రయాణం మొత్తంలో ఇంకెక్కడా లేదు. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు కాబట్టి ఇంట్లోవాళ్లకు మన్ననూరులోనే చెప్పేయండి, లేకపోతే మీకన్నా వాళ్లకే టెన్షన్. మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు, పల్లీ చిక్కీలు ఉంచుకోండి. అరటిపండ్లు మాత్రం బ్యాగు పైన కట్టకండి. కోతులు సైకిల్ ఆగేదాకా కూడా ఆగవు.

ఈగలపెంట నుంచి డ్యామ్ వైపు దిగుడు. బ్రేకు అదేపనిగా పట్టుకుంటే రిమ్ కాలిపోతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపులో వదిలేయండి. ముందు బ్రేకు, వెనక బ్రేకు మార్చి మార్చి వాడండి. కృష్ణ మీద వంతెన దాటాక సున్నిపెంటకు మళ్లీ ఎక్కుడు, అదీ సరిగ్గా ఒళ్లు అలిసిన వేళ. అక్కడ దిగి నడిపించుకుంటూ వెళ్లినా నామోషీ ఏమీ లేదు.

మీ సైకిల్‌కు సన్నటి ప్రెస్టా వాల్వ్ ఉంటే చిన్న ఇత్తడి అడాప్టర్ కొని జేబులో పడేసుకోండి. ఊళ్లలో పంక్చర్ షాపు అతను ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ చూసి, సొల్యూషన్ రాసి ప్యాచ్ వేసేస్తాడు. గాలి కొట్టబోతేనే చిక్కు, అతని పైపు మూతి ఆ వాల్వ్‌కు పట్టదు. చేతి పంపు ఉన్నా, దాంతో రోడ్డు టైరుకు సరిపడా గాలి నింపేసరికి చేతులు పడిపోతాయి.

శివరాత్రి ముందు రోజుల్లో వెళ్తే నడిచి వెళ్లే శివస్వాములు, దారిపొడవునా అన్నదానాలు. తిండికి లోటుండదు గానీ ట్రాఫిక్ విపరీతం. ఇక శ్రీశైలంలో గది. కొన్ని సత్రాల్లో ఒంటరిగా వచ్చినవాళ్లకు ఇవ్వరు. మీరు సైకిల్ చూపించి ఎంత వివరించినా ‘ఇంకో మనిషి ఎవరు?’ అనే అడుగుతారు. బయల్దేరేముందే ఫోన్ చేసి, ఒక్కరికి ఇస్తారా, సైకిల్ గదిలో పెట్టనిస్తారా అని రెండూ అడిగి ఖాయం చేసుకోండి.