నీలగిరి, హిమాచల్ విత్తన ఆలుగడ్డ తెచ్చి నాటొచ్చా? చట్టం ఏమంటుంది?

నాటడానికి మాత్రం తేవద్దు. కారణం తిత్తి నులిపురుగు, అంటే ఆలు వేళ్లను పట్టి పీల్చే, కంటికి కనిపించనంత సన్నని పురుగు. మన దేశంలో దీన్ని మొదట 1961లో ఊటీ దగ్గర గుర్తించారు. నీలగిరి నుంచి విత్తన దుంపలు బయటికి పోకుండా తమిళనాడు ప్రభుత్వం 1971లో నిషేధం పెట్టింది. ఆ తర్వాత హిమాచల్, ఉత్తరాఖండ్, జమ్ము కశ్మీర్‌లలోనూ ఈ పురుగు బయటపడటంతో, అక్కడి విత్తన దుంపల రవాణాను కేంద్రం 2018లో ఆపింది. ఇందుకు ఆధారం 1914 నాటి విధ్వంసక కీటకాలు, తెగుళ్ల చట్టం.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, ఆడపురుగు చచ్చాక దాని ఒళ్లే గట్టి తిత్తిగా మారుతుంది. ఆవగింజ కన్నా చిన్నదైన ఆ తిత్తిలో వందల గుడ్లు ఇరవై ఏళ్ల దాకా బతికి ఉంటాయి. ఆలు వేళ్ల నుంచి ఊరే రసం తగిలితేనే ఎక్కువ గుడ్లు పొదుగుతాయి. అందుకే ఒక్కసారి నేలలో చేరితే మందులతో పూర్తిగా పోదు. దుంప కళ్లలో (మొలక వచ్చే గుంటల్లో) ఇరుక్కున్న మట్టితో ఇది ఊళ్లు దాటుతుంది. నీళ్లతో కడిగితే చాలదు. కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ దుంపలను 2 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో 30 నిమిషాలు నానబెట్టే పద్ధతిని రూపొందించింది. అది అధికారుల పర్యవేక్షణలో జరగాల్సిన పని, ఇంట్లో చేసుకున్నంత మాత్రాన నిషేధం తొలగదు.

ధ్రువీకరణ ట్యాగు, ఉత్పత్తి చేసిన రాష్ట్రం పేరు లేని సంచి కొనకండి. పాత గోనె సంచులు, అద్దె ట్రాక్టరు నాగళ్లకు అంటిన మట్టి కూడా అంతే ప్రమాదం. నాటిన 55-60 రోజులకు ఎదగని మొక్కను మెల్లగా తవ్వి చూడండి. వేళ్లకు గుండుసూది తలంత తెల్లని, పసుపు పూసలు కనిపిస్తే వెంటనే వ్యవసాయాధికారికి చెప్పండి.