పన్ను పీకించుకోవాలి... హెచ్‌ఐవీ సంగతి చెప్పాలా?

ప్రశ్న: నాలుగేళ్లుగా హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వాడుతున్నాను. దవడ పన్ను పుచ్చి నొప్పి పెడుతోంది. హెచ్‌ఐవీ ఉందంటే డాక్టరుగారు పీకనంటారేమోనని వాయిదా వేస్తున్నాను. చెప్పకపోతే నావల్ల ఎవరికైనా అంటుతుందా? ముందే యాంటీబయాటిక్స్ వేసుకోవాలా?

జవాబు: చెప్పండి. అయితే ఇతరులకు అంటుతుందన్న భయంతో కాదు. తనకు హెచ్‌ఐవీ ఉందని తెలియనివాళ్లూ అదే కుర్చీలో కూర్చుంటారు. అందుకే ప్రతి ఒక్కరి తర్వాతా పరికరాలను కడిగి, ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములను చంపే యంత్రం) 121 లేదా 134 డిగ్రీల ఆవిరిలో ఉంచాలి, గ్లవ్స్ మార్చాలి. మీకోసం ‘ప్రత్యేకంగా’ శుభ్రం చేస్తామనే క్లినిక్‌లో మిగతావాళ్లకు ఏం చేస్తున్నారన్నదే అసలు అనుమానం!

చెప్పాల్సింది మీ మందుల కోసం. రిటోనవిర్, కోబిసిస్టాట్ ఉన్న ఏఆర్‌టీ మందులు వాడేవారికి మిడజోలమ్ మత్తు మాత్ర ఇస్తే మత్తు ప్రమాదకరమైనంత ఎక్కువసేపు దిగదు. కొన్ని స్టెరాయిడ్లూ ఒంట్లో పేరుకుపోతాయి. డోల్యూటెగ్రవిర్ అనే ఏఆర్‌టీ మందు వాడుతుంటే ఇంకో చిక్కు. నొప్పి మాత్రతోపాటు గ్యాస్‌కని యాంటాసిడ్ రాస్తుంటారు. అందులోని అల్యూమినియం, మెగ్నీషియం డోల్యూటెగ్రవిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. అందుకే దాన్ని యాంటాసిడ్‌కు 2 గంటల ముందో, 6 గంటల తర్వాతో వేసుకోవాలి. మందుల చీటీ, తాజా సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క), వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పేది), రక్తపరీక్ష రిపోర్టులు వెంట తీసుకెళ్లండి. సీడీ4 తక్కువన్న ఒక్క కారణంతో పీకడం ఆపక్కర్లేదు. ప్లేట్‌లెట్లు 50,000 కన్నా తగ్గితే రక్తం ఆగకపోవచ్చు, న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లరక్తకణాలు) 500 కన్నా తగ్గితే యాంటీబయాటిక్స్ గురించి ఆలోచిస్తారు. హెచ్‌ఐవీ ఉందని మాత్రమే ముందస్తు యాంటీబయాటిక్స్ అక్కర్లేదు. ఇవన్నీ బాగున్నా హెచ్‌ఐవీ పేరు చెప్పి పీకనంటే అది వైద్యపరంగా సబబైన కారణం కాదు. మీకు ఏఆర్‌టీ ఇచ్చే చోట అడిగి, ఇలాంటివారికి చికిత్స చేసే డెంటిస్టు దగ్గరికి పంపమనండి. వాయిదా వేసేకొద్దీ చీము దవడలోకి పాకొచ్చు.

ప్రశ్న: మా తమ్ముడికి హెచ్‌ఐవీ. నాలుక మీద, బుగ్గల లోపల తెల్లటి పొర వస్తోంది. చుక్కల మందు వేస్తే పోయి మళ్లీ వచ్చింది. ఎందుకు?

జవాబు: శుభ్రమైన గాజుగుడ్డతో మెల్లగా తుడిచి చూడండి. పొర ఊడి కింద ఎర్రగా కనిపిస్తే అది చాలావరకు క్యాండిడా ఫంగస్. నాలుక పక్క అంచుల్లో నిలువు గీతల్లా ఉండి, తుడిచినా పోకపోతే హెయిరీ ల్యూకోప్లేకియా కావచ్చు. అది ఎప్‌స్టీన్-బార్ వైరస్ వల్ల వస్తుంది, సాధారణంగా నొప్పి ఉండదు.

చుక్కల మందంటే నిస్టాటిన్ అయ్యుంటుంది. పెద్దలకు 4–6 మి.లీ. చొప్పున రోజుకు నాలుగుసార్లు. సగం ఒక బుగ్గలో, సగం ఇంకో బుగ్గలో వీలైనంతసేపు ఉంచి మింగాలి. గబుక్కున మింగేస్తే పొరకు తగలనే తగలదు. మూడో రోజుకే తెలుపు పోయిందని ఆపేయడం మామూలు పొరపాటు. 7–14 రోజులు వాడాలి, పొర పోయాక కూడా కనీసం రెండు రోజులు. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌తో కలిస్తే రెండూ పనిచేయవు, మధ్యలో అరగంటైనా ఎడం ఉండాలి. కట్టుడు పళ్లుంటే రాత్రి తీసి తోమి నానబెట్టకపోతే ఫంగస్ అక్కడే దాక్కుంటుంది.

మింగుతుంటే ఛాతీలో నొప్పి ఉంటే ఫంగస్ అన్నవాహికలోకి దిగి ఉండొచ్చు. దానికి చుక్కల మందు చాలదు, వెంటనే డాక్టరుకు చూపించండి. ఏఆర్‌టీ మందులు వాడుతూనే పొర మళ్లీ వస్తోందంటే వైరల్ లోడ్ పరీక్ష తప్పనిసరి. డోసులు తప్పుతున్నాయేమో తమ్ముణ్ణి కసురుకోకుండా అడగండి.

ప్రశ్న: నోరు ఎప్పుడూ ఎండిపోతోంది, పళ్లు వరసగా పుచ్చుతున్నాయి. ఏఆర్‌టీ మానెయ్యాలా?

జవాబు: మానొద్దు. హెచ్‌ఐవీ వల్ల, కొన్ని మందుల వల్ల లాలాజలం తగ్గి, చిగుళ్ల అంచున పళ్లు పుచ్చుతాయి. 1,000–1,500 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రెండుపూటలా తోమి, నురగ ఉమ్మేయండి, నీళ్లతో పుక్కిలించకండి. చక్కెర లేని చూయింగ్ గమ్ నమలండి. 3–6 నెలలకోసారి పళ్లు చూపించుకోండి.